పన్ను బండి పేరు మీదా, కాల్చే లీటరు మీదా?

పోయిన శ్రావణంలో నాయనను పలమనేరు నుంచి బెంగళూరుకు తీసుకొస్తున్నాను. ముళబాగిలు, కోలారు, హొసకోటె దాటేదాకా బాగానే వచ్చాం. కె.ఆర్. పురం వంతెన దిగి టిన్ ఫ్యాక్టరీ దగ్గరికి వచ్చేసరికి ఎప్పటిలాగే బండ్లన్నీ ఒకదానికొకటి అతుక్కుని నిలబడిపోయాయి. బ్రేకు మీద కాలు పెట్టాను. కారులో చప్పుడు ఆగిపోయింది. నాయన చటుక్కున నా వైపు తిరిగి, "ఏందిరా, బండి ఆగిపాయనే! సెల్ఫు కొట్టు, ఎనకాల బస్సు ఉండాది" అన్నాడు.

ఆయన ముప్పై రెండేళ్లు ఆర్టీసీ డిపోలో మెకానిక్కుగా చేసినాడు. ఇంజను చప్పుడు ఆగిందంటే ఆయన దృష్టిలో అది బ్రేక్‌డౌనే. "ఆగిపోలేదు నాయనా, అదే ఆపుకుంది" అని ముందున్న తెర చూపించాను. అందులో ఇంజను బొమ్మ దగ్గర ఏ గీతా లేదు. ముందున్న ఆటో నాలుగు బారలు కదిలింది. కాలు తీశాను. కారు చప్పుడు లేకుండా పాకింది. తెర మీద బ్యాటరీ నుంచి చక్రాలకు బాణం గుర్తు నడిచింది. మళ్లీ బ్రేకు వేస్తే ఆ బాణమే వెనక్కి తిరిగి చక్రాల నుంచి బ్యాటరీలోకి పోయింది. నాయన కళ్లద్దాలు సరిచేసుకుని ముందుకు వంగి ఆ తెరనే చూస్తూ కూర్చున్నాడు. రామమూర్తి నగర్ వంతెన వచ్చేదాకా నోరు విప్పలేదు. అప్పుడు ఒక్కటే అడిగాడు: "కేఎంపీఎల్ ఎంత ఇస్తాది?"

డిపోలో పనిచేసినవాళ్లకు ఆ నాలుగక్షరాలు ఎంత ముఖ్యమో తెలుసు. లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చాయన్నదే కేఎంపీఎల్. మా చిన్నప్పుడు డిపో గోడ మీద నల్లబోర్డు ఉండేది, దాని మీద డ్రైవర్ల పేర్లు, ఎదురుగా ఆ అంకె. బాగా తెచ్చినవాడికి మెచ్చుకోలు, తగ్గించినవాడికి మేనేజరు గదిలోకి పిలుపు. బస్సు ఏ కంపెనీది, ఎన్నేళ్లది, రంగేమిటి అన్నవి ఆ బోర్డు మీద ఉండవు. తాగిన డీజిలెంత, నడిచిన దూరమెంత, అంతే. ఈ దేశంలో కార్ల మీద పన్ను వేసేవాళ్లకు ఆ నల్లబోర్డును చూపించాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. మనం బండికి వేసే పన్ను అది కాల్చే ఇంధనాన్ని బట్టి లేదు. బండి పొడవును బట్టి, ఇంజను సైజును బట్టి, లోపల బ్యాటరీ ఒక్కటే ఉందా ఇంజను కూడా ఉందా అన్నదాన్ని బట్టి ఉంది. ఈ ఒక్క తప్పు వల్ల పెట్రోలు ఇంజనూ కరెంటు మోటారూ రెండూ ఉండి, మధ్యతరగతి ఇంటికి సరిగ్గా సరిపోయే హైబ్రిడ్ కారు మధ్యతరగతి చేతికి అందకుండా పోతోంది.

నేను హైబ్రిడ్ కొనాలనుకుని బయల్దేరినవాణ్ణి కాదు. ముందు ఎలక్ట్రిక్ కారే అనుకున్నాను. ఈ ఊళ్లో ఆ కోరిక కొత్తదేమీ కాదు. చేతన్ మైనీ వాళ్ల రేవా ఎలక్ట్రిక్ కారు 2001లోనే ఇక్కడ రోడ్డెక్కింది. నేను చదువుకోడానికి వచ్చిన కొత్తలో మా వీధి మలుపులో ఒక ఇంటి ముందు ఆ బుల్లి కారు ఉండేది. కింది అంతస్తు కిటికీలోంచి ఒక వైరు దాని దాకా వేలాడేది, వాన పడితే ఇంటాయన వచ్చి దాని మీద గోనెపట్టా కప్పేవాడు. లోపల సీసం బ్యాటరీలు, ఒకసారి నింపితే 80 కిలోమీటర్లు. లండన్ వాళ్లు దాన్ని జీ-విజ్ పేరుతో కొనుక్కున్నారు, మన ఊళ్లో మాత్రం వింతగా చూసి పక్కకు తప్పుకున్నారు. 2010లో మహీంద్రా ఆ కంపెనీని తీసుకుంది. అది నడిచినంతకాలం నడిచిందంటే కారణం ఆ కిటికీయే అని నాకు ఇప్పుడు అర్థమవుతోంది. ఆయనకు సొంత ఇల్లు, కింది అంతస్తు, ఇంటి ముందే బండి ఆపుకునే జాగా ఉన్నాయి. వైరు వేసుకోడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

నాకు ఆ మూడింట్లో ఒక్కటీ లేదు. మూడో అంతస్తులో అద్దె ఫ్లాటు, సెల్లారులో ఒక స్తంభం పక్కన బండి జాగా. మా మీటరు నుంచి ఆ స్తంభం దాకా కేబులు లాగాలంటే అందరి గోడలూ దాటాలి. ఓనరు గారిని అడిగితే, "అసోసియేషన్ ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదండి" అన్నారు. అసోసియేషన్‌లో అడిగితే ఓనరు దగ్గర రాతపూర్వకంగా తెమ్మన్నారు. అది తెచ్చాక ఇంకొకాయన లేచి, "సెల్లారులో అగ్గి పుడితే జవాబుదారీ ఎవరు?" అన్నాడు. ఆ ప్రశ్న తప్పని నేననను, పిల్లలున్న ఇళ్లు. కానీ జవాబు వెతుకుదామన్నవాళ్లు లేరు. మూడు సమావేశాలు అలాగే గడిచిపోయాయి. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, హోరమావు, ఎలక్ట్రానిక్ సిటీల్లో ఉండే మనవాళ్లలో ఎంతమంది అద్దెకుంటున్నారో, వీధిలో బండి ఆపేవాళ్లెందరో మీకూ తెలుసు. పదకొండు నెలల అగ్రిమెంటు మీద ఉండేవాడు గోడకు చార్జరు బిగించుకోలేడు. రోజూ బయట చార్జింగు స్టేషన్లో గంట కూర్చోవాలంటే ఉద్యోగం, పిల్లల స్కూలు సాగవు. ఎలక్ట్రిక్ కారు చవకైందా, దూరం పోతుందా అన్న చర్చలు వింటున్నప్పుడల్లా ఈ మాట ఎవరూ అనరేమని నా బాధ. కారు కంటే ముందు ఒక సాకెట్టు కావాలి, ఆ సాకెట్టు సొంతింటివాడికే ఉంది.

అందుకని 2023లో స్ట్రాంగ్ హైబ్రిడ్, అంటే ఇంజను ఆపేసి బ్యాటరీ మీద కూడా నడవగలిగే బండి, తీసుకున్నాను. మన ఊరి పక్కనే బిడదిలో తయారయ్యే మారుతి గ్రాండ్ విటారా, టొయోటా హైరైడర్ జంటలో ఒకటి. దానికి వైరు లేదు, చార్జరు లేదు, ఎవరి సంతకమూ అక్కర్లేదు. పెట్రోలు పోసుకుంటాం, మిగిలింది అదే చూసుకుంటుంది.

ఇక్కడ ఒక మోసం గురించి చెప్పాలి, ఎందుకంటే నష్టపోయింది మా బావ. ఆయన నాకంటే ముందే కారు కొన్నాడు, వెనక డిక్కీ మీద మెరిసే అక్షరాల్లో హైబ్రిడ్ అని ఉంది. ఒక ఆదివారం భోజనాలయ్యాక, "బావా, నీ బండి 21 ఇస్తాంటే నాది 11 కూడా రావడం లేదేమి? సర్వీసువాళ్లు ఏమన్నా చెడగొట్టినారా?" అని అడిగాడు. కిందికి దిగి చూశాం. ఆయనది మైల్డ్ హైబ్రిడ్. ఇంజనుకు బెల్టుతో తగిలించిన ఒక చిన్న మోటారు, సీటు కింద ఒక చిన్న బ్యాటరీ. అది ఇంజనుకు కాస్త చెయ్యందిస్తుంది, సిగ్నల్లో ఆపి మళ్లీ లేపుతుంది. అంతేగానీ ఇంజను లేకుండా బండిని ఒక్క గజం కూడా లాగలేదు. ఆయనకు అమ్మిన షోరూము అబ్బాయి హైబ్రిడ్ అన్నాడు, మైల్డ్ అన్న మాట ఎక్కడా పలకలేదు. కేంద్రం కూడా ఈ తేడా గమనించే 2017 ఏప్రిల్లో మైల్డ్ హైబ్రిడ్లను, ఎలక్ట్రిక్, హైబ్రిడ్ బండ్లకిచ్చే ఫేమ్ రాయితీల నుంచి తీసేసింది. రాయితీకి పనికిరాదని తేలిన వస్తువు మీద ఆ పేరు వేసుకోనివ్వడం మాత్రం ఆగలేదు. మీరు కొనబోతుంటే ఇది అడగండి: ఇంజను ఆపేసి, బ్యాటరీ మీద ఈ బండి వీధి చివరిదాకా పోతుందా? పోయి చూపిస్తే స్ట్రాంగ్ హైబ్రిడ్. లేకపోతే ఆ అక్షరాలకు మీరు పైసా ఎక్కువ ఇవ్వకండి.

నాయన వచ్చిన మర్నాడు పొద్దున్నే బానెట్టు తెరవమన్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూశాడు. నారింజరంగు తొడుగున్న కేబుళ్లను ముట్టుకోవద్దు, వాటిలో హైవోల్టేజి ఉంటుందని చెబితే ఇంకాస్త వెనక్కి జరిగాడు. కాసేపు వెతికి, "ఆల్టర్నేటరు ఎక్కడరా?" అన్నాడు. లేదన్నాను. "సెల్ఫు మోటారు?" విడిగా లేదు. "క్లచ్చు?" అదీ లేదు. ఆయన ముఖంలో అప్పుడు కనిపించిన వెలుగు నేను మరచిపోలేను. ముప్పై రెండేళ్లు తన చేతులతో విప్పి, కడిగి, బిగించిన మూడు భాగాలు, తరచూ చెడేవి, అసలు లేకుండానే ఒక బండి నడుస్తోంది.

లోపల ఉన్నది రెండు మోటార్లు, ఒక ఇంజను, వాటిని కలిపే ఒక గేర్ల గుత్తి. మధ్యలో ఒక పళ్లచక్రం, దాని చుట్టూ తిరిగే చిన్న చక్రాలు, వాటన్నిటినీ చుట్టుకుని బయటొక వలయం. సూర్యుడి చుట్టూ గ్రహాల్లా ఉంటుంది కాబట్టి ప్లానెటరీ గేరు అంటారు. చిన్న చక్రాల చట్రానికి ఇంజను, మధ్య చక్రానికి ఒక మోటారు, బయటి వలయం వైపు రెండో మోటారు, బండి చక్రాలు. మధ్య మోటారు వేగం మారుస్తూ ఉంటే గేర్లు మార్చకుండానే ఇంజను తనకు అనువైన వేగంలో నడుస్తుంది. అవసరం లేనప్పుడు ఆగిపోతుంది. ఆ ఇంజను కూడా మామూలుది కాదు, అట్కిన్సన్ పద్ధతిలో నడిచేది. అందులో బలం కాస్త తక్కువ, పొదుపు ఎక్కువ. తక్కువైన బలాన్ని మోటారు పూడుస్తుంది. 1997 డిసెంబరులో జపాన్‌లో టొయోటా ప్రియస్ వచ్చినప్పటి నుంచీ ఈ సూత్రమే. పాతికేళ్లు దాటి నలిగిన యంత్రం ఇది, ప్రయోగం కాదు.

ఈ యంత్రం విలువ తెలియాలంటే బెంగళూరు లాంటి ఊరు కావాలి. 2023లో ఇక్కడ పది కిలోమీటర్లు పోవడానికి సగటున 28 నిమిషాల 10 సెకన్లు పట్టిందని ట్రాఫిక్ లెక్కలు కట్టే టామ్‌టామ్ సంస్థ లెక్క. సిల్క్ బోర్డు దగ్గర, హెబ్బాళ దగ్గర రోజూ నిలబడేవాళ్లకు ఆ సగటు కూడా ఉదారంగానే అనిపిస్తుంది. ఏసీ వేసుకుని ఆగి ఉన్న పెట్రోలు కారు గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా ఊరికే కాలుస్తుంది. హైబ్రిడ్ అక్కడ ఏమీ కాల్చదు. బ్యాటరీ మరీ దిగినప్పుడు మాత్రం ఇంజను కాసేపు లేచి నింపి పడుకుంటుంది. ఊళ్లో నా సగటు 21. కంపెనీ కాగితం మీద 27.97 ఉంది, అది పరీక్షాగారం అంకె. ఇదే సైజు మామూలు పెట్రోలు ఆటోమేటిక్ ఇదే దారిలో 11 ఇస్తుంది, బావ బండే దానికి సాక్ష్యం.

డబ్బు లెక్క వేద్దాం. లీటరు 103 రూపాయలనుకోండి. ఏడాదికి 12 వేల కిలోమీటర్లు ఊళ్లోనే తిరిగేవాడికి 11 చొప్పున దాదాపు 1,090 లీటర్లు, 21 చొప్పున 570 లీటర్లు. తేడా 520 లీటర్లు, అంటే 53 వేలకు పైన. స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు రెండున్నర లక్షలు ఎక్కువ పెట్టారనుకుంటే అయిదేళ్లలోపు తిరిగొస్తుంది. హైబ్రిడ్ బ్యాటరీకి ఎనిమిదేళ్ల వారంటీ ఉంది కాబట్టి ఆ అయిదేళ్లకు భయపడే పని లేదు. కానీ ఏడాదికి 5 వేలు మాత్రమే నడిపేవాళ్లకు అదే డబ్బు రావడానికి పదకొండేళ్లు పడుతుంది. వాళ్లకు నేను హైబ్రిడ్ కొనమని చెప్పను. మెట్రోలో ఆఫీసుకు పోయి ఆదివారం మాత్రం కారు తీసేవాళ్లు మామూలు చిన్న కారు కొనుక్కోవడమే న్యాయం.

ఆ రెండున్నర లక్షలు ఎందుకు ఎక్కువ? రెండు రకాల యంత్రాంగం ఉంది కాబట్టి కొంత నిజంగానే ఎక్కువ. కానీ బ్యాటరీ వల్ల అనుకుంటే పొరపాటు. నా కారులో ఉన్నది 0.76 యూనిట్ల కరెంటు పట్టే బ్యాటరీ. ఒక మోస్తరు ఎలక్ట్రిక్ కారులో 38 యూనిట్లది ఉందనుకుంటే, ఆ ఒక్క కారు బ్యాటరీతో యాభై హైబ్రిడ్లకు సరిపోతుంది. లిథియం కోసం బయటి దేశాల వైపు చూసే మనకు ఇది చిన్న విషయం కాదు. ఆ ఎక్కువ ధర మీద పన్ను కూడా పడుతుంది.

2017 జులైలో జీఎస్‌టీ వచ్చినప్పుడు హైబ్రిడ్‌కు 28 శాతం, దాని మీద 15 శాతం సెస్సు, మొత్తం 43 వేశారు. ఎలక్ట్రిక్ కారుకు 12, అది 2019 ఆగస్టు నుంచి 5. అప్పుడే నాకు తెలిసినవాళ్లు ఒకరిద్దరు బిడదిలోనే తయారయ్యే కామ్రీ హైబ్రిడ్ చూసి వదులుకున్నారు. 2025 సెప్టెంబరు 22న పన్నులు మళ్లీ మార్చారు. నాలుగు మీటర్లలోపు, 1200 సీసీలోపు పెట్రోలు కార్లకు 18. అంతకు మించినవాటికి 40. అందులో హైబ్రిడ్ ఉంది, పెద్ద డీజిలు ఎస్‌యూవీ ఉంది. అంతకుముందు ఆ ఎస్‌యూవీ మీద 50 ఉండేది. అంటే లీటరుకు ఇరవై పైన ఇచ్చే బండికి 3 శాతం తగ్గింది, పదీ పన్నెండూ ఇచ్చే బండికి 10 శాతం తగ్గింది. ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసుకుని చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఈ వ్యాసం ఆ రాత్రి మొదలైంది.

దీని మీద కర్ణాటక రోడ్డు ట్యాక్సు ఉంది. పది లక్షలు దాటి ఇరవైలోపు ఉన్న కారుకు 17 శాతం. పదిహేను లక్షల బండికి రెండున్నర లక్షలకు పైనే. ఇక్కడా హైబ్రిడ్ అని ఒక్క రూపాయి తగ్గదు. 2024 జులైలో ఉత్తరప్రదేశ్ స్ట్రాంగ్ హైబ్రిడ్లకు రిజిస్ట్రేషన్ పన్ను ఎత్తేసింది. ఆ బండ్లు తయారయ్యేది బిడదిలో, విధానసౌధకు ముప్పై చిల్లర కిలోమీటర్ల దూరంలో. లక్నోలో కొన్నవాడికి దక్కిన ఊరట రామనగరలో కొన్నవాడికి దక్కలేదు.

నేను అడిగేది హైబ్రిడ్‌కు ప్రత్యేక గౌరవం కాదు. కొలత మార్చమని. ఆ కొలత ప్రభుత్వం దగ్గర ఇప్పటికే ఉంది. కార్ల కంపెనీలు ఏడాదిలో అమ్మే బండ్లన్నిటి సగటు కిలోమీటరుకు 113 గ్రాముల బొగ్గుపులుసు వాయువు దాటకూడదని 2022 నుంచి నిబంధన. ప్రతి మోడలూ ఎన్ని గ్రాములు వదులుతుందో రికార్డుల్లో ఉంది. నా కారు కాగితం మైలేజీని లెక్కేస్తే 85 గ్రాముల దరిదాపు వస్తుంది. కంపెనీని గ్రాముల్లో కొలిచి, కొనేవాణ్ణి మాత్రం మీటర్లలో, సీసీల్లో కొలవడం ఎందుకు? బ్రిటన్ 2001 నుంచే కారు పన్నును గ్రాములకు ముడిపెట్టింది. ఫ్రాన్స్ 2008లో ఎక్కువ వదిలే బండి దగ్గర వసూలు చేసి తక్కువ వదిలే బండికి ఇవ్వడం మొదలుపెట్టింది. గ్రాములు తక్కువైన కొద్దీ పన్ను తగ్గుతూ పోతే, ఎలక్ట్రిక్ తన చోట తాను ఉంటుంది, హైబ్రిడ్ దాని పక్కన నిలబడుతుంది, బావ కారు మీది అక్షరాలకు విలువ తనంతట తానే పడిపోతుంది.

హైబ్రిడ్ అంటే ఎలక్ట్రిక్ రాకుండా కంపెనీలు వేసే ఎత్తుగడ అని నా స్నేహితుడొకడు వాదిస్తాడు. ఎలక్ట్రిక్ స్కూటర్ల కంపెనీలో ఇంజనీరు, నేను గౌరవించే మనిషి. అతనితో కూర్చుని ఒక రాత్రి కాగితం మీద లెక్క వేశాం. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోల వాయువు. ఊళ్లో, హైవేలో కలిపి 22 ఇస్తే కిలోమీటరుకు 105 గ్రాములు. మన దేశపు గ్రిడ్‌లో ఒక యూనిట్ కరెంటుకు సుమారు 0.72 కిలోలు. ఇదే సైజు ఎలక్ట్రిక్ కారు, చార్జింగు నష్టాలు పోను, యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు పోతుందనుకుంటే 103 గ్రాములు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. రెండూ దాదాపు ఒకటే. బావ కారు మాత్రం 209.

తర్వాత అతను అన్న మాట కూడా రాయాలి, అది నిజం కాబట్టి. "ఈ 103 ఏటేటా తగ్గుతుంది. నీ 105 అక్కడే ఉంటుంది." పావగడలో 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రం ఉంది, మన అనంతపురం సరిహద్దుకు ఆనుకుని. అలాంటివి ఇంకా వస్తాయి, గ్రిడ్ శుభ్రపడుతుంది, అప్పటికే రోడ్డు మీదున్న ఎలక్ట్రిక్ కారు కూడా దాంతోపాటే శుభ్రపడుతుంది. హైబ్రిడ్‌కు ఆ భాగ్యం లేదు. పైగా సైలెన్సరు పొగ వీధిలో పిల్లల ముక్కుల్లోకే పోతుంది, పవర్‌హౌసు పొగ ఎక్కడో. అందుకే అంతిమంగా గెలవాల్సింది ఎలక్ట్రిక్కే అని నేనూ నమ్ముతాను. నా వాదన ఈ మధ్య పదిహేనేళ్ల గురించి. ఈ కాలంలో సాకెట్టు లేనివాళ్లు లక్షలమంది కార్లు కొంటారు. ఈ సైజు బండ్లలో 5 శాతానికీ 40 శాతానికీ మధ్య వాళ్లకు మెట్టు లేదు కాబట్టి 209 గ్రాముల బండ్లే కొంటారు. ఆ బండ్లు మరో పదిహేనేళ్లు మన రోడ్ల మీదే ఉంటాయి.

మిగతా ఇంధనాల మాటకొస్తే, బెంగళూరు ఆటోలే పెద్ద పాఠం. ఇక్కడి ఆటోలు చాలావరకు ఎల్పీజీ మీద తిరుగుతాయి. డ్రైవరన్నలను అడిగి చూడండి, చవకే అంటారు, కానీ గ్యాసు బంకు దగ్గర ఎంతసేపు వరుసలో ఉన్నారో కూడా చెబుతారు. సీఎన్‌జీ కారుదీ అదే కథ, పైగా డిక్కీలో సగం సిలిండరుకే పోతుంది, పండక్కి ఊరికి పోయేటప్పుడు సంచులు ఒళ్లో పెట్టుకోవాలి. హైడ్రోజన్‌ను 700 బార్ల ఒత్తిడిలో, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 700 రెట్లతో నింపాలి, కరెంటుతో నీళ్లను విడగొట్టి, నొక్కి, మోసుకొచ్చి, మళ్లీ కరెంటు చేసేలోపు సగానికి పైగా హరించుకుపోతుంది. బరువైన లారీలకు ఏమో గానీ, మన ఇంటి కారుకు అది దారి కాదని నా అభిప్రాయం.

ఇథనాల్ గురించి మాత్రం ఒక్క నిమిషం ఆగుతాను. 20 శాతం కలిపిన పెట్రోలును 2023 ఫిబ్రవరి 6న ప్రధాని ఈ బెంగళూరులోనే ప్రారంభించారు. లీటరు ఇథనాల్‌లో శక్తి లీటరు పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. అంటే 20 శాతం కలిస్తే మొత్తం మీద ఆరేడు శాతం శక్తి తగ్గుతుంది. కొనేవాడికి ధరలో ఆ మేరకు తగ్గించకపోవడం అన్యాయమే. కానీ చెరకు, మొక్కజొన్న, నూకలకు ఒక కొనుగోలుదారు దొరికాడన్నది మా చిత్తూరు రైతుల ఇళ్లలో పుట్టినవాడిగా నేను తేలిగ్గా తీసెయ్యలేను. ఆ చెరకు తాగే నీళ్లు కూడా మా బోర్లలోంచే వస్తాయన్నదీ మరవలేను. ఇంత కష్టపడి పండించిన ఇంధనాన్ని లీటరుకు 11 ఇచ్చే ఇంజన్లో పోసి టిన్ ఫ్యాక్టరీ దగ్గర ఊరికే కాల్చడం కంటే, హైబ్రిడ్లో పొయ్యడం మేలు కదా! బ్రెజిల్‌లో 2019 నుంచే ఇథనాల్‌తో నడిచే కొరోలా హైబ్రిడ్ అమ్ముతున్నారు. 2023 ఆగస్టులో ఇన్నోవా హైక్రాస్‌ను అలా మార్చి మన దగ్గరా చూపించారు.

అసలు కావలసింది చిన్న హైబ్రిడ్. 2025 దాకా మన దేశంలో అమ్ముడైన స్ట్రాంగ్ హైబ్రిడ్లన్నీ నాలుగు మీటర్లు దాటినవే. జపాన్‌లో 2011 నుంచి ఆక్వా అనే చిన్న హైబ్రిడ్ వీధివీధినా తిరుగుతోంది. 2016లో నిస్సాన్ నోట్ అనే కారును 1.2 లీటర్ల ఇంజనుతో, చక్రాలను మోటారే తిప్పేలా చేసి అమ్మింది. ఇంజను పని కేవలం కరెంటు పుట్టించడం. 1200 సీసీలోపు, నాలుగు మీటర్లలోపు అలాంటిది ఇక్కడ తయారైతే కొత్త పన్నులో 18 శాతమే పడుతుంది. దారి తెరుచుకునే ఉంది. కంపెనీలు ఆ దారిలోకి రావాలి, రాష్ట్రాలు రోడ్డు ట్యాక్సులో సగమైనా వదులుకోవాలి.

నాయనను తిరిగి ఊళ్లో దింపాక చిత్తూరులో పెళ్లికి పోవాల్సి వచ్చి మొగిలి ఘాటు దిగాం. ఆయన కళ్లు తెర మీదే ఉన్నాయి. కొన్ని మలుపులు తిరిగేసరికే బ్యాటరీ బొమ్మ నిండిపోయింది. ఆ తర్వాత ఇంజను గుంయ్‌మని గట్టిగా తిరగడం మొదలుపెట్టింది. పెట్రోలు పోకుండానే తిరుగుతోంది, దిగే బండిని పట్టి ఉంచడానికి. "నిండినాక వచ్చేదంతా దండగేనా?" అన్నాడు. అవునన్నాను. బ్యాటరీ చిన్నది నాయనా, ఊళ్లో ఆగి పోయేదానికి సరిపోతుంది గానీ కొండ దిగే బరువునంతా దాచుకోలేదు. "పెద్దది పెట్టి, రాత్రి ఇంట్లో కూడా నింపుకునేట్టు చేస్తే?" అలాంటివీ ఉన్నాయి, ప్లగిన్ హైబ్రిడ్ అంటారు, కానీ దానికి సాకెట్టు కావాలి అన్నాను. ఆయన తల ఊపి, చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీసి, ఓడోమీటరు అంకె రాసుకున్నాడు. నేను నింపిన ప్రతి ట్యాంకూ అందులో ఉంది, తేదీ, లీటర్లు, కిలోమీటర్లు, చివర గీత కింద కేఎంపీఎల్.

ఈ ఆదివారం మా అసోసియేషన్ సమావేశం ఉంది. సెల్లారుకు విడిగా ఒక మీటరు, ఎనిమిది స్తంభాలకు సాకెట్లు, ప్రతిదానికీ బ్రేకరు, పొగ పసిగట్టే పరికరం, రెండు మంటలార్పే సిలిండర్లు, వీటికి ఎలక్ట్రీషియన్ దగ్గర అంచనా రాయించి ఇంటికింత అని పంచి పెట్టాను. నాకిప్పుడు చార్జరు అక్కర్లేదు. రెండో అంతస్తులోకి కొత్తగా వచ్చిన అమ్మాయి ఎలక్ట్రిక్ కారు బుక్ చేసుకుంది, వచ్చే నెల చేతికొస్తుందట.